కాగితపు కత్తిరింపులతో గృహోపకరణముల నలంకరించుట

మన యిండ్లలో చేటకు గాని బుట్టకు గాని సందులు పడినచో పెద్దవారు దానిని పారవేయరు. పాతకాగితములను నీట నానవేసి, నానిన మెంతులతో గూర్చి మెత్తగా రుబ్బి, ఆ గుజ్జును చేటకు రెండువైపుల నలికి యెండలో నారబెట్టుదురు. ఎండిన పిమ్మట చేట గట్టిపడి నూక జారనీయక నిలుచును. మెంతులలోని బంక కాగితమును పట్టియుంచును. దాని చేదు పురుగును దూరముగా నుంచునని పెద్దల నమ్మకము. కాగితము, జిగురు, ఓపిక అను మూటిని కలిపి పాతవస్తువునకు మరల నాయువు పోయుట యిందలి రహస్యము.

ఇట్టిదే వేరొక విద్య ఐరోపాఖండమున గలదు. దానికి ఫ్రెంచివారు డెకుపాజ్ అని పేరిడిరి. కత్తిరించుట యను నర్థము గల క్రియనుండి యామాట పుట్టినది. ముద్రితచిత్రములను కత్తిరించి పెట్టెలు, పళ్లెములు, సీసాలు, బల్లలు మున్నగువానిపై నంటించి, పైన వార్నీషు పూతలు పూసి, ఆ చిత్రము వస్తువుమీదనే వ్రాయబడినదా యని చూపరులు భ్రమించునట్లు చేయుట దీని లక్షణము.

ఈ విద్య లేమినుండి పుట్టినదని చెప్పవచ్చును. చీనా, జపాను దేశములలో నొకజాతి చెట్టుపాలను పూతగా పూసి నిగనిగలాడు పెట్టెలను, బల్లలను చేసెడివారు. అవి యోడలలో ఐరోపాకు చేరి మిక్కిలి వెలకు అమ్ముడుపోయెడివి. అంత వెల పెట్టజాలనివారి కొరకు 18వ శతాబ్దమున వెనిస్ నగరపు పనివారు, అచ్చుబొమ్మలకు రంగులు వేసి, కత్తిరించి, కొయ్యసామానుపై నంటించి, వార్నీషు పూతలతో కప్పి, చీనాపనిని పోలిన వస్తువులను చేసిరి. ఇటలీ భాషలో దీనికి 'పేదల లక్క' యని యర్థమిచ్చు పేరు గలదు.

కాగితము కత్తిరించుట పిల్లల యాటయని తలచువారు ఇంగ్లండు దేశస్థురాలగు మేరీ డెలనీ చరిత్రము నెరుగవలయును. ఆమె 1700 సంవత్సరమున జన్మించెను. డెబ్బది రెండేండ్ల ప్రాయమున, వితంతువై యున్న కాలమున, రంగుకాగితములను సన్నని తునకలుగా కత్తిరించి, నల్లని కాగితముపై నంటించి, పూలమొక్కల రూపములను కూర్ప నారంభించెను. చూపు మందగించువరకు పదియేండ్లు శ్రమించి, ఇంచుమించు వేయి పుష్పములను ముగించెను. అవి నేటికిని లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందు భద్రముగా నున్నవి. కత్తెర, కాగితము, జిగురు తప్ప గొప్ప పరికరము లామెకు లేవు.

అంత దూరము పోనక్కరలేదు. మన ఆలేరునకు ఉత్తరముగా నున్న చేర్యాలలో నకాషీలను చూడుడు. వారు కాగితము నంటించువారు కారు. గుడ్డమీద పురాణకథలను వ్రాయు చిత్రకారులు. అయినను మన పనికి వలసిన మొదటి పాఠము వారియొద్ద నున్నది. గుడ్డ తెచ్చిన వెంటనే వారు కుంచె పట్టరు. గంజి, సుద్ద, బంక, చింతగింజల జిగురు కలిపి గుడ్డకు పూతవెంట పూత వేసి, ప్రతి పూతను ఆరనిచ్చి, నేలను సిద్ధము చేసికొందురు. వారు చేయు ముసుగుబొమ్మలకు చింతగింజల జిగురును, రంపపుపొట్టును కలిపిన ముద్దయే ప్రాణము. చూచువారు రంగులనే మెచ్చుకొందురు. రంగులను పట్టియుంచునది కంటికి కానరాని యా లోపలి పూత.

ఈ పాఠమును నేను నష్టపడి నేర్చుకొంటిని. మా యింట నొక రేకుపెట్టె యుండెను. మా నాయనమ్మ కాపురమునకు వచ్చునపుడు పుట్టింటివారిచ్చిన పెట్టె యది. అక్కయు నేనును చిన్నతనమున దానిని సింగారింప దలచితిమి. నాయనమ్మ దాచుకొన్న పూలబుట్ట చిత్రమొకటి మాకు దొరకెను. దానివెనుక తాతగారు స్వహస్తముతో రెండు పంక్తులు వ్రాసియుండిరి. ఆయన చేతివ్రాత మరియొకటి యింటలేదని మేమెరుగము. చిత్రమును కత్తిరించి, తుప్పుమీదనే దట్టముగా మైదాజిగురు పూసి, మూతపై నంటించితిమి. నాలుగుదినములు పెట్టె శోభిల్లెను. వానకాలము రాగానే కాగితము పొంగెను. అంచులను బొద్దింకలు కొరికెను. తుదకు పొరలు పొరలుగా ఊడిపడెను. వెనుకనున్న వ్రాత జిగురులో కలిసిపోయెను. నాయనమ్మ మమ్ము కోపింపలేదు. ఆ ముక్కలను ఏరి, గుడ్డలో మూటగట్టి, ఆ పెట్టెలోనే దాచుకొనెను.

మేము చేసిన తప్పులు నాలుగు: నేలను శుభ్రపరుపకపోవుట, జిగురును దట్టముగా పూయుట, పైపూత వేయకపోవుట, మరల దొరకని కాగితమును కత్తిరించుట. ఈ నాలుగింటిని విడిచినచో పని సుఖముగా నెరవేరును. దాని క్రమమిది.

మొదట వస్తువును సిద్ధపరుపవలయును. రేకుపెట్టె యైనచో బజారున ఉప్పుకాగితమని యమ్ము గరుకుకాగితముతో తుప్పును పూర్తిగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, తుప్పు నాపు రంగు నొక పూత పూయవలయును. కొయ్యయైనచో నునుపుగా రుద్ది, పగుళ్లను లప్పముతో పూడ్చవలయును. మట్టికుండ నీటిని పీల్చును గాన ముందుగా పలుచని జిగురును పూసి యారనీయవలయును. గాజుసీసాను సబ్బుతో కడిగి జిడ్డు పోగొట్టిన చాలును.

పిమ్మట కత్తిరింపు. చిత్రమునడుమ నుండు ఖాళీలను మొదట కత్తిరించి, వెలుపలి యంచును తరువాత కత్తిరింపవలయును. ముందే యంచు తీసినచో పట్టుకొనుటకు చోటుండదు. కత్తెరను కదలక నిలిపి, కాగితమునే త్రిప్పుచుండిన వంపులు చక్కగా వచ్చును. కాగితము పలుచనిదైన మేలు. తడివ్రేలితో నొక మూల తాకి చూచి, రంగు కరగినచో ముందుగా పలుచని వార్నీషు పూసి యారబెట్టవలయును.

అంటించుటకు మునుపు ముక్కలను వస్తువుపై పేర్చి చూచుకొని, తృప్తి కలిగిన తరువాతనే జిగురు ముట్టవలయును. మైదాజిగురును ఉండలు లేకుండ పలుచగా కాచవలయును. పుస్తకముల అట్టలు కట్టువారు పురుగు పట్టకుండుటకై యందు మైలుతుత్తము కలుపుట కలదు; అది విషము గావున పిల్లలు దానిని ముట్టరాదు. నేడు బజారున దొరకు తెల్లనిబంకను కొంచెము నీటితో పలుచచేసి వాడుట సులభము. వస్తువునకును కాగితమునకును జిగురు పూసి, నడిమినుండి అంచులకు మెత్తని తడిగుడ్డతో నొత్తుచు లోపలి గాలిని వెడలనీయవలయును. ఎక్కువైన జిగురును తుడిచివేసి, నీడలో నొక దినము ఆరబెట్టవలయును.

కడపట పైపూత. పూర్వము పనివారు పదులకొలది పూతలు పూసెడివారు. మనకు ఆరేడు పూతలు చాలును. ఒక్కొక్క పూత పలుచగా నుండవలయును; ఒకటి యారిన గాని రెండవది పూయరాదు; ఒక పూత నిలువుగా, తరువాతిది అడ్డముగా పూయుట మంచిది. రెండు మూడు పూతలైన పిమ్మట సన్నని గరుకుకాగితముతో మెల్లగా రుద్ది, ధూళి తుడిచి, మరల పూయవలయును. కన్నులు మూసికొని వ్రేలితో తడిమినపుడు కాగితపు టంచు తగులకుండిన పని ముగిసినదని తెలియవలయును.

వానకాలమున గాలిలోని తేమవలన పూతలు సరిగా నారవు. కావున వేసవిసెలవులు ఈ పనికి తగిన కాలము. వార్నీషును కిటికీలు తెరచిన గదిలో, దీపమునకును పొయ్యికిని దూరముగా వాడవలయును. అన్నము, నీరు ఉంచు పాత్రల లోపలిభాగమున దీని నెన్నడును చేయరాదు.

ఇక నేకాగితమును కత్తిరింపవచ్చును? పాత క్యాలెండర్లు, శుభలేఖలు, విత్తనపు పొట్లములు, మిఠాయిపెట్టెలపై బొమ్మలు, ఇవి యన్నియు తగినవే. 1894లో బొంబాయియందు స్థాపింపబడిన రవివర్మ ముద్రణాలయపు చిత్రములవంటి పాత యచ్చులు మీ యింటనున్నచో వానిపై కత్తెర పెట్టకుడు. కుటుంబచ్ఛాయాపటములును, చేతివ్రాత లేఖలును అట్టివే. వానికి నకలు తీయించి, ఆ నకలునే వాడుడు. ఒకసారి అంటించి పూత పూసిన కాగితము మరల వెనుకకు రాదు. కత్తిరించుటకు ముందు కాగితమును వెనుకకు త్రిప్పి చూచుట మరువకుడు. ఇంటిపెద్దల నడుగుట అంతకంటె ముఖ్యము.

విద్యార్థినీ విద్యార్థులారా, బండపైని యింటిని గూర్చియు, ఇసుకపైని యింటిని గూర్చియు ప్రభువు చెప్పిన యుపమానమును మీరు తరగతిలో వినియున్నారు. వాన వచ్చువరకు ఆ రెండిండ్లును ఒక్కతీరుగనే కనబడియుండును. మా నాయనమ్మ పెట్టెయు నాలుగుదినము లట్లే కనబడెను. ఈ వేసవిలో మీ యింటి పాతవస్తువు నొకదానిని తీసికొని, కానరాని పనిని ముందు చక్కగా చేసి, దానిమీద మీకు నచ్చిన పూవు నంటించుడు. వానలు వెలసినపిమ్మట దానిని మరల చూచుడు. మీ పనికి అదియే పరీక్ష.