కుండను శిల్పంగా నిలబెట్టిన ఆచార్యుడు

కుండకు కన్నం పడితే అది ఇక పనికిరాదన్నది లోకరీతి. ఆ కన్నానికే కళాగౌరవం కల్పించిన శిల్పి, అమెరికాకు చెందిన పీటర్ వోల్కోస్. వాడుక పాత్రలకే పరిమితమైన మట్టిని నైరూప్య శిల్పంగా మలచి, తరాల శిష్యులను తీర్చిదిద్దారాయన.

ఇటుకల ఆవరణలో తొలి అడుగులు

గ్రీసు నుంచి వలస వచ్చిన దంపతులకు 1924లో మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్‌లో వోల్కోస్ జన్మించారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యపు వైమానిక విభాగంలో పనిచేశారు. అనంతరం మాజీ సైనికులకు ప్రభుత్వమిచ్చిన విద్యా సాయంతో చిత్రలేఖనం నేర్వబోయి, ఫ్రాన్సెస్ సెన్స్కా శిక్షణలో మట్టిపనికి అంకితమయ్యారు. 1951లో హెలెనాలోని ఇటుకల కర్మాగారం ఆవరణలో వెలసిన ఆర్చీ బ్రే ఫౌండేషన్‌లో రూడీ ఆటియోతో కలిసి పనిచేశారు. నాజూకైన పాత్రలకు బహుమతులు పొందారు.

మారిన పంథా

1953 వేసవిలో బ్లాక్ మౌంటెన్ కళాశాలలో బోధించి, న్యూయార్క్‌లో నైరూప్య చిత్రకారులను కలుసుకున్న పిమ్మట ఆయన దృష్టి మారింది. పేరు తెచ్చిన పాత్రలను పక్కనబెట్టారు. సారెపై చేసిన కుండలను ఒకదానిపై ఒకటి పేర్చి, కోసి, చీల్చి, రంధ్రాలు చేసి కాల్చసాగారు. వేలి ఒత్తిడి, కత్తి గాటు దాచవలసిన లోపాలు కావని, అవే రూపానికి ప్రాణమని ఆ శిల్పాలు చాటాయి. ఒంటినిండా రంధ్రాలతో, ఊగే అడుగుతో 1956లో రూపొందిన ‘రాకింగ్ పాట్’ స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో ఉంది. 1970ల చివరి నుంచి కట్టెల బట్టీని ఆశ్రయించారు. ఆ మంటలో ఎగసిన బూడిద మట్టిపై వాలి, కరిగి, గాజువంటి పూతగా ఏర్పడుతుంది.

పక్కన కూర్చుని బోధన

లాస్ ఏంజెలిస్‌లో నేడు ఓటిస్ కళాశాలగా పిలిచే సంస్థలో 1954లో సిరామిక్స్ విభాగానికి ఆయన సారథ్యం వహించారు. ఉపన్యాసాల కన్నా విద్యార్థుల సరసన తానూ మట్టి పిసకడమే ఆయన బోధన. సంచాలకునితో విభేదాల వల్ల 1959లో ఆ కొలువు వీడవలసి వచ్చింది. అదే ఏడాది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి, 1985 వరకు బోధించారు. కంచు పోత శిల్పాలనూ రూపొందించారు.

శిష్యులెవరూ గురువుకు నకళ్లు కాలేదు. కెన్ ప్రైస్ రంగుల చిన్న రూపాలను, జాన్ మేసన్ భారీ మట్టి గోడలను ఎంచుకున్నారు. పాల్ సోల్డ్‌నర్ జపాను రాకు పద్ధతిని కొత్త బాట పట్టించారు.

2002 ఫిబ్రవరి 16న, ఒహాయో రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో వోల్కోస్ కన్నుమూశారు. అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులకు మట్టిపని చేసి చూపేందుకే 78 ఏళ్ల వయసులో ఆయన ఆ ఊరు వెళ్లారు.