హ్యాండ్ బ్రేక్ దించాకే అసలు జాగ్రత్త

మా గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర పొద్దున్నే కారు నడిపితే అడుగడుగునా బ్రేకు తొక్కాల్సిందే. అదే కారు మెహదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సిగ్నలే ఉండదు. అక్కడ వేగంలో బ్రేకు పట్టాలి. ఈ దారుల్లో తిరిగే బండ్లు బాగుచేసే మెకానిక్‌గా చెబుతున్నాను: డిస్కు బ్రేకులో ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ ఉంటుంది కదా, వెనక కాలిపర్ పని ముందు కాలిపర్ పని లాంటిది కాదు.

మన చిన్న కార్లకు ఎక్కువగా వెనక డ్రమ్ములే. ఆక్టేవియా లాంటి వాటికి వెనక కూడా డిస్కులు. అలాంటి చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ కేబుల్ కాలిపర్‌కే తగిలించి ఉంటుంది. కాలిపర్ విప్పాలంటే హ్యాండ్ బ్రేక్ దించాలి. దించామంటే బండిని ఆపి ఉంచేది పోయినట్టే. అందుకే చదునైన గట్టి నేల చూసుకుని, గేరులో పెట్టి, ముందు చక్రాలకు ఇటూ అటూ దిమ్మలు అడ్డం పెట్టాలి. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి. జాకీ ఎత్తడానికే, బరువు మోయాల్సింది స్టాండు. ఇటుకల మీద నిలబెట్టిన బండి కిందికి దయచేసి దూరకండి, ఇటుక చెప్పకుండా పగులుతుంది. బటన్‌తో పనిచేసే పార్కింగ్ బ్రేక్ అయితే ముందుగా దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

బోల్టులు తీశాక కాలిపర్‌ను హోస్ పైపు మీద వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి. కొత్త ప్యాడ్లకు చోటు కావాలంటే పిస్టన్ లోపలికి పోవాలి. ఇక్కడే కొత్త కుర్రాళ్లు "అన్నా, పోతలేదు" అంటూ క్లాంపు బిగిస్తారు. కేబుల్ రకం కాలిపర్‌లో పిస్టన్ వెనక మర ఉంటుంది. నొక్కుతూ తిప్పితేనే వెళుతుంది. బలవంతంగా నొక్కితే ఆ మర పాడై హ్యాండ్ బ్రేక్ పనిచేయదు. ఎటు తిప్పాలో ఆ కారు మాన్యువల్‌లో చూడండి. పిస్టన్ లోపలికి పోయేకొద్దీ పైన డబ్బాలో బ్రేకు ఆయిల్ పెరుగుతుంది, పొర్లితే పెయింటును తినేస్తుంది.

కాలిపర్ పూర్తిగా మారిస్తే, బిగించేటప్పుడు హోస్ బోల్టుకు కొత్త రాగి వాషర్లు వేయండి, పైపు మెలిపడనీయకండి. గాలి తీసే నిపుల్ పైవైపు ఉండాలి. కుడిది ఎడమకు వేస్తే అది కిందికి వస్తుంది, ఎంత పంపు చేసినా గాలి పోదు. ఆయిల్ సీలు విప్పని సీసాలోదే వాడండి. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే ఆవిరి పడుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది.

చివరగా ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, ఆ తర్వాతే హ్యాండ్ బ్రేక్ లాగి చూడండి. ఇంజన్ స్టార్ట్ చేశాక మళ్లీ తొక్కి చూడండి. పెడల్ నేలదాకా మెత్తగా దిగుతుంటే ఆ బండిని గేటు దాటించకండి.