బైనరీ ఫైలుకు పదవిభాగం: ఒక మెష్ రూపాన్ని చదివే పద్ధతి

‘మాడు’ అన్న మాటను తీసుకుందాం. తెలుగులో అది అన్నం అడుగంటి మాడటం. కన్నడంలో ‘చెయ్యి’ అని అర్థం. తమిళంలో పశువు. బళ్ళారిలోనో హోసూరులోనో పెరిగిన విద్యార్థికి ఇది కొత్త సంగతి కాదు. ఏ భాషలో వింటున్నామో తెలిస్తేనే మాటకు అర్థం తేలుతుంది. కంప్యూటరులోని బైనరీ ఫైలు విషయమూ ఇంతే. 80 విలువగల బైటు ఒకచోట అంకె, మరొకచోట ‘పి’ అనే రోమన్ అక్షరం, వేరొకచోట ఒక పెద్ద సంఖ్యలోని ముక్క. ఎక్కడ ఏమిటన్నది ఆ ఫైలు రూపాన్ని నిర్ణయించిన నియమాలే చెప్పాలి. ఆ నియమాల ప్రకారం ఫైలును విడదీసి అర్థం చేసుకోవటాన్నే పార్సింగ్ అంటారు. విరామం లేకుండా రాసిన తాళపత్రానికి పదవిభాగం చేయటం వంటి పని ఇది.

ఉదాహరణగా ‘ఎమ్‌డీ2’ అనే రూపాన్ని పరిశీలిద్దాం. ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1997లో విడుదల చేసిన ‘క్వేక్ 2’ ఆటలో పాత్రల ఆకారాలను దీనిలోనే భద్రపరిచారు. 2001లో ఆ ఆట ఇంజన్ ప్రోగ్రామును జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంచారు. కనుక ఈ రూపం విషయంలో ఊహలతో పనిలేదు. మెష్ అంటే త్రిభుజాలను అతికి అల్లిన ఉపరితలం అని గుర్తుంచుకుంటే చాలు.

ఫైలులో మొదటి 68 బైట్లు హెడరు. అందులో నాలుగేసి బైట్ల పూర్ణాంకాలు 17 ఉంటాయి. మొదటిది గుర్తు: ఐ, డి, పి, 2 అనే నాలుగు అక్షరాలు. రెండవది రూపాంతర సంఖ్య. అది 8 అయి ఉండాలి. తరువాత చర్మచిత్రం వెడల్పు, ఎత్తు, ఒక్కొక్క ఫ్రేము పరిమాణం, శీర్షాలు, త్రిభుజాలు, ఫ్రేములు వగైరా ఎన్నెన్ని, ఏవి ఎన్నో బైటు దగ్గర మొదలవుతాయి అన్న వివరాలు వస్తాయి. చివరి సంఖ్య ఫైలు ముగిసే చోటు.

ఈ సంఖ్యలను చదివేటప్పుడు ఒక మెలిక ఉంది. మన శాసనాల్లో శకసంవత్సరాన్ని సంకేతపదాలతో చెప్పినప్పుడు ‘నేత్ర, బాణ’ అంటే 25 కాదు, 52. ఒకట్ల స్థానం ముందు వస్తుంది. ఎమ్‌డీ2లోనూ చిన్న స్థానపు బైటే ముందు. 8 అనే సంఖ్య 8, 0, 0, 0 అని ఉంటుంది. దాన్ని తిరగేసి చదివితే 13,42,17,728 వస్తుంది.

త్రిభుజానికి 12 బైట్లు: రెండేసి బైట్ల శీర్షసంఖ్యలు మూడు, చర్మచిత్రంలో వాటి స్థానసంఖ్యలు మూడు. ఇవి వేరువేరుగా ఉండటం వల్ల ఒకే శీర్షానికి కుట్టు దగ్గర రెండు చిత్రస్థానాలు ఉండవచ్చు. నేటి ఇంజన్లు సాధారణంగా రెండింటికీ కలిపి ఒకే సంఖ్యను ఆశిస్తాయి కనుక అటువంటి శీర్షాలను రెండుగా చేయవలసి వస్తుంది.

ప్రతి ఫ్రేములోనూ మొదట 40 బైట్లు: కొలత మూడు దశాంశ సంఖ్యలు, జరుపు మూడు దశాంశ సంఖ్యలు, 16 బైట్ల పేరు. ఆపైన శీర్షానికి 4 బైట్ల చొప్పున ఉంటాయి. వాటిలో మూడు నిరూపకాలు, నాలుగవది 162 దిశల పట్టికలో అభిలంబం సంఖ్య. బైటును కొలతతో గుణించి జరుపును కలిపితే అసలు నిరూపకం వస్తుంది. కొలత 0.25, జరుపు -24, బైటు 100 అయితే ఫలితం 1. దశాంశ సంఖ్యలుగా 12 బైట్లు పట్టే స్థానం ఇలా 3 బైట్లలో ఇమిడింది. కాని ఒక్కో అక్షంమీద 256 మెట్లే ఉండటంతో కదలికలో శీర్షాలు కొద్దిగా వణుకుతాయి. పొదుపుకు చెల్లించిన మూల్యం అది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఫైలు చెప్పినదాన్ని గుడ్డిగా నమ్మకపోవటం. ఫైలు పాడై ఉండవచ్చు; ఎవరైనా కావాలనే తప్పుడు సంఖ్యలు పెట్టి ఉండవచ్చు. హెడరులో పది లక్షల త్రిభుజాలని ఉండి ఫైలు రెండు వందల బైట్లే అయితే, నమ్మిన ప్రోగ్రాము తనది కాని జ్ఞాపకస్థలంలోకి వెళుతుంది. అక్కడితో ఆగిపోతే అదృష్టమే. ఇతరులు కంప్యూటరులో చొరబడటానికి ఇటువంటి సందులే దారులు. అందువల్ల ఈ పరీక్షలు తప్పవు:

గుర్తు, రూపాంతర సంఖ్య సరిపోవాలి. ఏ సంఖ్యా రుణాత్మకం కాకూడదు. శీర్షాలు 2,048, త్రిభుజాలు 4,096, ఫ్రేములు 512 మించకూడదు. ఇవి ఆ ఆట ఇంజన్ పెట్టుకున్న హద్దులే. ప్రతి విభాగానికీ మొదలుకు దాని పొడవును కలిపితే ఫైలు పరిమాణం దాటకూడదు. 200 శీర్షాలుంటే ఫ్రేము పరిమాణం 40 + 800 = 840 కావాలి; త్రిభుజాల్లోని శీర్షసంఖ్యలు 0 నుంచి 199 లోపే ఉండాలి.

చివరగా అన్వయం. క్వేక్‌లో జడ్ అక్షం పైకి ఉంటుంది. యూనిటీ, గోడో వంటి ఇంజన్లలో వై అక్షం పైకి. అక్షాలు మార్చకపోతే నిలబడవలసిన పాత్ర పడుకుని కనిపిస్తుంది. అక్షాలను మార్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారైతే త్రిభుజంలో శీర్షాల వరుసనూ తిప్పాలి. లేకుంటే ఉపరితలం లోపలివైపు మాత్రమే కనిపిస్తుంది.

కంప్యూటరు శాస్త్రం చదివే మన విద్యార్థులు ఈ రూపానికి ఏ ప్రోగ్రామింగ్ భాషలోనైనా ఒక చదువరిని రాసి చూడవచ్చు. ముందుగా హెడరులోని 17 సంఖ్యలను అచ్చువేసి, పై పరీక్షలన్నీ నెగ్గిన తరువాతే బొమ్మ జోలికి వెళ్ళాలి.