ఉత్తరం చివర మన పేరు

ఇన్‌లాండ్ ఉత్తరం రాసే రోజుల్లో మన ఇళ్లలోని పెద్దలు పిల్లలకు రెండు సంగతులు తప్పక నేర్పేవారు. ఉత్తరం ముగిసిన చోట "ఇట్లు" అని రాసి, దాని కింద పేరు రాయడం మొదటిది. కాగితాన్ని మడిచి అంటించిన తరువాత వెనుకవైపు పంపేవారి చిరునామా రాయడం రెండవది. ఇట్లు అనే మాట ఉత్తరం అందుకున్నవారికి మన ప్రేమను, మర్యాదను తెలిపేది. వెనుక చిరునామా మాత్రం పోస్టుమాన్ కొరకు. అందవలసినవారు దొరకకపోతే ఆ చిరునామా ఉన్న ఉత్తరం తిరిగి ఇంటికి వచ్చేది. అది లేని ఉత్తరం తపాలా శాఖవారి రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు వెళ్లేది.

ఇప్పుడు ఉద్యోగ దరఖాస్తులు, కాలేజీలో సీటు వ్యవహారాలు, ఆసుపత్రి రిపోర్టులు, బ్యాంకు ఫిర్యాదులు చాలా వరకు ఈమెయిల్ ద్వారానే నడుస్తున్నాయి. పల్లెలో ఉన్న కుటుంబానికి కూడా ఇది తప్పడం లేదు. అయితే పల్లెల నుండి, పట్టణాల నుండి వెళ్లే ఈమెయిళ్లలో ఒక లోటు తరచుగా కనబడుతుంది. "సార్, నా దరఖాస్తు ఏమైంది?" అని ఒక్క వాక్యం ఉంటుంది. పైన అక్షరాలు, అంకెలు కలిసిన మెయిల్ అడ్రసు ఒకటి ఉంటుంది. రాసింది ఎవరు, ఏ ఊరివారు, ఏ నంబరుకు ఫోను చేయాలి అన్నది ఎక్కడా ఉండదు. రోజంతా అలాంటి ఉత్తరాలు చూసే గుమాస్తా దానిని పక్కన పెట్టాడంటే ఆయనను తప్పుపట్టలేము. నష్టపోయేది మాత్రం జవాబు కొరకు ఎదురుచూస్తున్న ఆ పిల్లవాడే.

ప్రతిసారీ పేరు, ఫోను నంబరు టైపు చేయడం మరచిపోతున్నామంటే దానికి సులువైన మార్గం ఉంది. కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రాముకు ఒకసారి చెప్పి ఉంచితే, మనం రాసే ప్రతి ఉత్తరం అడుగున అదే ఆ వరుసలను చేర్చుతుంది. దీనినే ఈమెయిల్ సిగ్నేచర్ అంటారు. పేరు సంతకమే గాని, పని మాత్రం ఇన్‌లాండ్ వెనుకనున్న చిరునామా పని. ఈ భేదం గుర్తుంచుకుంటే అందులో ఏమి రాయాలో, ఏమి రాయకూడదో తేలికగా తెలుస్తుంది.

థండర్‌బర్డ్‌లో పెట్టుకొనే విధానం

థండర్‌బర్డ్ అనేది ఉచితంగా దొరికే మెయిల్ ప్రోగ్రాము. దాని మొదటి పూర్తి వెర్షన్ 2004 డిసెంబరులో విడుదలైంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఒక కంప్యూటర్‌ను ఇంటిల్లిపాదీ వాడుకొనే చోట, చిన్న స్కూళ్లలో, సంఘ కార్యాలయాలలో ఇది బాగా అక్కరకు వస్తుంది. కనుక దీనినే ఉదాహరణగా తీసుకుందాం.

మొదట, కుడివైపు పైమూలన మూడు అడ్డగీతల గుర్తు కనబడుతుంది. దానిని నొక్కితే ఒక పట్టిక తెరుచుకుంటుంది. అందులో "అకౌంట్ సెట్టింగ్స్" ఎంచుకోవాలి. ఎడమవైపు మీ మెయిల్ అడ్రసు కనబడుతుంది. దాని మీద నొక్కండి. కుడివైపు మీ పేరు, అడ్రసు ఉన్న గడులు వస్తాయి. వాటి కింద "సిగ్నేచర్ టెక్స్ట్" అనే పెద్ద గడి ఉంటుంది. అందులో మీ వరుసలు టైపు చేయండి. దాని దగ్గరే "యూజ్ హెచ్‌టీఎమ్‌ఎల్" అనే చిన్న గడి ఉంటుంది. దానిలో టిక్కు పెట్టకండి. పెడితే, మీరు వరుసలుగా రాసినదంతా ఒకే వరుసగా కలిసిపోతుంది. రంగులు, లావు అక్షరాలు కావాలనుకొని ఆ భాష నేర్చినవారికే అది అవసరం.

ఆ తరువాత కొత్త ఉత్తరం తెరిచి చూడండి. అడుగున మీ వరుసలు సిద్ధంగా ఉంటాయి. వాటి పైన రెండు చిన్న అడ్డగీతలు కూడా ఉంటాయి. అవి పొరపాటున వచ్చాయని తుడిచివేయకండి. రెండు గీతలు, వాటి తరువాత ఒక ఖాళీ, ఇది మెయిల్ ప్రోగ్రాముల మధ్య ఎంతో కాలంగా ఉన్న ఒడంబడిక. "ఉత్తరం ఇక్కడితో అయింది, ఇక కింద ఉన్నది చిరునామా" అని దాని అర్థం. ఈ గుర్తును ఎరిగిన ప్రోగ్రాము, జవాబు రాసేటప్పుడు అవతలివారి సిగ్నేచర్‌ను తానే వదిలివేస్తుంది. ఆ గుర్తు లేకపోతే పదిసార్లు అటూ ఇటూ నడిచిన ఉత్తరంలో పదిసార్లూ అదే చిరునామా పేరుకొనిపోతుంది.

జవాబుల విషయంలో మరొక సంగతి చూసుకోవాలి. అదే అకౌంట్ సెట్టింగ్స్‌లో, మీ అడ్రసు కిందనే "కంపోజిషన్ అండ్ అడ్రసింగ్" అని ఉంటుంది. మన జవాబు పాత ఉత్తరానికి పైన ఉండాలా, కింద ఉండాలా అన్నది అక్కడే నిర్ణయిస్తాము. జవాబు పైన రాసే అలవాటు ఉన్నవారు సిగ్నేచర్ కూడా తమ జవాబు కిందనే, పాత ఉత్తరానికి పైగా వచ్చేలా ఎంచుకోవాలి. లేకుంటే అది పాత ఉత్తరమంతా దాటి అట్టడుగుకు పోతుంది, చదివేవారికి కనబడదు. అక్కడే జవాబులకు సిగ్నేచర్ చేర్చాలా, ఇతరులకు ఫార్వర్డ్ చేసే ఉత్తరాలకు చేర్చాలా అని రెండు వేర్వేరు గడులు ఉంటాయి. జవాబులకు ఉంచండి. ఫార్వర్డ్‌లకు తీసివేయడం మేలు. మనం పంపిన ఉత్తరం అక్కడి నుండి ఇంకెన్ని ఇళ్లకు వెళ్తుందో మనకు తెలియదు. దానితో పాటు మన ఫోను నంబరు కూడా ఊరూరా తిరుగుతుంది.

ఒకే మనిషికి రెండు బాధ్యతలుంటే

సంఘ కార్యదర్శిగా ఉన్న వ్యక్తి సొంత పనులకు కూడా అదే కంప్యూటర్ వాడవచ్చు. తన కూతురి పెళ్లి సంబంధం గూర్చి బంధువుకు రాసే ఉత్తరం కింద "కార్యదర్శి" అని పడితే బాగుండదు. సంఘం పక్షాన రాసే ఉత్తరం కింద ఇంటి ఫోను నంబరు పడినా బాగుండదు. ఇందు నిమిత్తం "మేనేజ్ ఐడెంటిటీస్" అనే బటన్ ఉంది. అందులో రెండవ పేరు, దానికి వేరే సిగ్నేచర్ చేర్చుకోవచ్చు. ఉత్తరం రాసేటప్పుడు పైన "ఫ్రమ్" అన్నచోట ఏ పేరు ఎంచుకుంటే, అడుగున ఆ సిగ్నేచరే వచ్చి నిలుస్తుంది.

విండోస్‌లో పాత పద్ధతి అవుట్‌లుక్ వాడేవారు "ఫైల్", "ఆప్షన్స్", "మెయిల్", "సిగ్నేచర్స్" అనే వరుసలో వెళ్లాలి. అక్కడ కొత్త ఉత్తరాలకు ఒకటి, జవాబులకు మరొకటి విడివిడిగా ఎంచుకోవచ్చు. ఇంకొక మాట. కంప్యూటర్‌లోని ప్రోగ్రాములో పెట్టుకున్న సిగ్నేచర్, ఫోను నుండి పంపే ఉత్తరాలకు దానంతట అది రాదు. ఫోనులో వేరుగా పెట్టుకోవాలి.

ఏమి రాయాలి?

1995 అక్టోబరులో ఇంటర్నెట్ మర్యాదలను గూర్చి ఆర్.ఎఫ్.సి. 1855 అనే పత్రం ఒకటి వెలువడింది. సిగ్నేచర్ నాలుగు వరుసలు దాటకుండా ఉంటే మంచిదని అందులో సలహా ఇచ్చారు. ఆ దినాలలో చాలామంది నిమిషాల లెక్కన డబ్బు కట్టి ఇంటర్నెట్ వాడేవారు కనుక, మనం ఉత్తరం పెంచితే అవతలివారికి ఖర్చు పెరిగేది. మన దేశంలో సామాన్య ప్రజలకు వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా ఇంటర్నెట్ వచ్చింది కూడా ఆ సంవత్సరమే, ఆగస్టు 15న. నిమిషాల లెక్క పోయినా నాలుగు వరుసల లెక్క నేటికీ మంచిదే. ఫోను తెర మీద అంతకు మించినది ఎవరూ చదవరు.

మొదటి వరుసలో పూర్తి పేరు. రెండవ వరుసలో చదువు లేక పని. మూడవ వరుసలో ఊరు, మండలం, జిల్లా. నాలుగవ వరుసలో ఫోను నంబరు. ఇంతే చాలు.

పేరు విషయంలో మన తెలుగువారు కొంచెం జాగ్రత్తపడాలి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, దానిని ఒక్క అక్షరంగా కుదించి రాస్తాము. ఇతర రాష్ట్రాలవారికి, విదేశాలవారికి ఆ అక్షరం ఏమిటో తెలియదు. కనుక పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఏ స్పెల్లింగు ఉందో అదే స్పెల్లింగుతో పూర్తిగా రాయాలి. దరఖాస్తులో ఒక విధంగా, ఉత్తరంలో మరొక విధంగా ఉంటే ఇద్దరు మనుషులనుకొనే ప్రమాదం ఉంది. విదేశాలకు రాసేవారు ఫోను నంబరుకు ముందు ప్లస్ 91 చేర్చాలి. అది లేకుండా అక్కడివారు మనకు ఫోను చేయలేరు.

ఏమి రాయకూడదు?

ఈ సిగ్నేచర్ దానంతట అది వెళ్తుంది. ఎవరికి వెళ్తున్నదో దానికి తెలియదు. తెలిసినవారికైనా, తెలియనివారికైనా ఒకే విధంగా వెళ్తుంది. కనుక ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, పుట్టిన తేదీ అందులో ఉండకూడదు. ఆడపిల్లలు ఇంటి నంబరు, వీధి పేరు రాయనక్కరలేదు. ఊరి పేరు చాలు.

కాగితం మీద చేసిన చేవ్రాతను ఫోటో తీసి అతికించడం కొందరికి ముచ్చట. దయచేసి ఆ పని చేయకండి. ఆ బొమ్మను ఎవరైనా కాపీ చేసుకొని వేరొక కాగితం మీద అతికించవచ్చు. ఇది 2000 సంవత్సరపు ఐ.టి. చట్టంలో చెప్పిన డిజిటల్ సంతకం కూడా కాదు. ఆ సంతకానికి ప్రభుత్వ లైసెన్సు పొందిన సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. దాని పద్ధతి వేరు.

ఇక్కడే మరొక హెచ్చరిక అవసరం. మీ నాలుగు వరుసలను మీరు టైపు చేసినట్లే మోసగాడు కూడా టైపు చేయగలడు. మనకు తెలిసిన పెద్దమనిషి పేరు, హోదా, ఊరు అన్నీ సరిగ్గా వేసి, "అత్యవసరంగా ఆసుపత్రిలో ఉన్నాను, డబ్బు పంపండి" అని మెయిల్ రావచ్చు. కింద పేరు ఉంది కదా అని నమ్మకూడదు. ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు ఫోను చేయకుండా, మన పుస్తకంలో ముందే రాసుకొన్న నంబరుకు ఫోను చేసి కనుక్కోవాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

ఇట్లు అనే మాట ఎవరు రాయాలి?

కొందరు ఈ నాలుగు వరుసలకు తోడు "సంతోషంగా ఉండండి" వంటి మంచి మాటను కూడా శాశ్వతంగా చేర్చుకుంటారు. ఉద్దేశం మంచిదే. కాని భర్తను పోగొట్టుకొన్న సహోదరికి ఓదార్పు ఉత్తరం రాసినప్పుడు దాని కింద కూడా అదే మాట వచ్చి పడుతుంది. కరెంటు బిల్లు ఎక్కువ వచ్చిందని రాసే ఫిర్యాదు కింద కూడా అదే ఉంటుంది. చదివేవారికి అది మన నోటి మాటగా తోచదు.

మన తెలుగు ఉత్తరాలలో ఇట్లు అన్న తరువాత వచ్చే మాట మనిషిని బట్టి మారేది. అధికారికి రాస్తే "మీ విధేయుడు". తల్లిదండ్రులకు రాస్తే "మీ ప్రియ కుమారుడు" లేక "మీ ప్రియ కుమార్తె". చిన్నవారికి రాస్తే "నీ శ్రేయోభిలాషి". ఆ ఒక్క మాటలో మనం వారికి ఏమవుతామో చెప్పేవారము. దానిని ప్రోగ్రాముకు అప్పగించకండి. చిరునామా అది రాస్తుంది, రాయనివ్వండి. దాని పైన ఒక వరుస ఖాళీ ఉంచి, ఇట్లు అనే మాటను, బంధుత్వాన్ని ప్రతిసారీ మీ చేతితోనే టైపు చేయండి.

ఈ నెలలో మీ ఇంట కంప్యూటర్ తెలిసిన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వారిని పక్కన కూర్చోబెట్టుకొని ఈ పని పూర్తి చేయండి. ముందుగా మీకు మీరే ఒక ఉత్తరం పంపుకొని, పేరు స్పెల్లింగు, ఫోను నంబరు సర్టిఫికెట్‌తోను, డైరీతోను సరిచూసుకోండి. నంబరులో ఒక్క అంకె తప్పినా ఆ తప్పు ప్రతి ఉత్తరంతోను వెళ్తూనే ఉంటుంది. ఫోను నంబరు మారిన దినాన సిగ్నేచర్‌ను కూడా మార్చడం మరువకండి.