రక్తపుపోటు: ఇంటివారి పరిచర్య

నేతగాని జీవనము చేతులమీద నడుచునది. ఆ చేతిని ఒక్కనాటిలో పడవేయగలది పక్షవాతము. దానికి ముఖ్య కారణము రక్తపుపోటు. ఈ వ్యాధికి సాధారణముగా నొప్పి యుండదు. కనుక రోగి మాటను బట్టి గాక, కొలతను బట్టి నడువవలెను.

మగ్గపు గుంటలోనుండి లేచిన వెంటనే పోటు చూడరాదు. అరగంట ముందునుండి కాఫీ, బీడీ, చుట్ట మానవలెను. వీపు ఆనించి, పాదములు నేల మోపి, చేయి గుండె ఎత్తున బల్లపై నుంచి, అయిదు నిమిషములు మాటలాడక కూర్చున్న పిమ్మట చూడవలెను. వేరువేరు దినములలో 140/90 గాని, అంతకు మించి గాని కనిపించినచో వైద్యునికి చూపవలెను. నూలు లెక్కవలెనే ఈ కొలతలను తారీఖుతో వ్రాసియుంచుడు.

"తల తిరుగుట లేదు, ఇక మాత్రలెందుకు?" అని పెద్దలు అనుట కలదు. పోటు అదుపులో నున్నది మాత్రలవలననే; వైద్యుడు చెప్పక మానినచో మరల పెరుగును. తమిళనాడులో 2021 ఆగస్టున ఆరంభమైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకము ఈ మాత్రలను ఇంటికే చేర్చు ఏర్పాటు చేసినది.

ఉప్పు మనిషికి రోజునకు 5 గ్రాములలోపే ఉండవలెను. గంజిలో ఉప్పు, నంజుకొను ఊరగాయ, అప్పడము, వడియము అన్నియు ఆ లెక్కలోనివే.

మూతి వంకరపోయినను, ఒక చేయి పడిపోయినను, మాట తడబడినను పసరు వైద్యము వలదు. నోట నీరైనను పోయక, ఎన్ని గంటలకు మొదలైనదో గుర్తుంచుకొని, వెంటనే పెద్దాసుపత్రికి చేర్చుడు. నెత్తురుగడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఇత్తురు.