చెఱసాలలో మనస్సును చూచువాడు

విశాఖపట్టణమున ఓడరేవు, ఉక్కు కర్మాగారము మీరెఱిగినవే. సింహాచలము చేరువ అడవివరమున కేంద్ర కారాగారమును గలదు. మన యూరి కుఱ్ఱవాఁడొకఁడు ఏ కొట్లాటలోనో చిక్కి యచ్చట చేరి, నిద్రాహారములు మాని గోడతో మాటలాడినచో, వాని మనస్సును చూచువారెవరు? ప్రతి రాష్ట్రమున ఒక్క చెఱసాలయందైనను మానసిక చికిత్సాలయ ముండవలెనని 2017 నాఁటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించినది.

చూచువాఁడు ఎవఁడైనను సరియా? కాదు. భారత పునరావాస మండలి పట్టికలో పేరెక్కక మనస్తత్వ చికిత్స చేయువానికి, 1992 నాఁటి చట్టము ననుసరించి, సంవత్సరము వఱకు ఖైదో, 1000 రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో పడవచ్చును. చికిత్సకుఁడే ఖైదీ యగును!

శిక్షణలోని యువకునకు వేతనము, బస, సెలవు లిచ్చుట దానమని కొందఱందురు. నేనొప్పుకొనను. చాలీచాలని జీతమునకు సమర్థుఁడు ఆ గుమ్మము త్రొక్కఁడు.

మీవానిని చూడఁబోయినపుడు, అచ్చటి చికిత్సకుని నమోదు సంఖ్య యడుగుఁడు.