రక్తం లేని కార్డే ఎక్కువ భయపెట్టింది

మన తరం చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డుల కోసం కొట్టుకుంది. 1938లో అమెరికా పిల్లలు ఒక సెంటు పెట్టి బబుల్‌గమ్ కొంటే ఓ కార్డు వచ్చేది. కాకపోతే దాని మీద కుస్తీ వీరులు ఉండేవారు కాదు. బాంబులకు కూలుతున్న ఇళ్లు, పారిపోతున్న జనం, నెత్తురు, శవాలు ఉండేవి.

ఆ సిరీస్ పేరు ‘హారర్స్ ఆఫ్ వార్’. ఫిలడెల్ఫియాలోని గమ్ ఇన్‌కార్పొరేటెడ్ అనే కంపెనీ వేసింది. మొత్తం 288 కార్డులు. మొదటిదే మార్కోపోలో వంతెన. 1937 జులైలో చైనా, జపాన్ యుద్ధం మొదలైంది అక్కడే. ఇథియోపియాపై ఇటలీ దాడి, స్పెయిన్ అంతర్యుద్ధం కూడా ఇందులో ఉన్నాయి. చివరి 48 కార్డులు అరుదు. హిట్లర్ బొమ్మలున్నవి వాటిలో ఉన్నాయి కాబట్టి కలెక్టర్లు వాటి కోసం ఎక్కువ డబ్బు పెడతారు.

నా దగ్గర ఈ సిరీస్‌వి ఏడు కార్డులున్నాయి. ఆఫీసులో చూపిస్తే ఓ ఫ్రెండ్ మొహం చిట్లించాడు. “ఎవరో చచ్చిపోతున్న బొమ్మని డబ్బులిచ్చి కొనుక్కుంటావేంట్రా?” అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ఈ సరదా ఉన్న ప్రతివాళ్లూ దీనికి జవాబు చెప్పుకోవాలి.

నా జవాబు కార్డు వెనకాల ఉంది. అక్కడ ఆ సంఘటన గురించి వార్తలాంటి కథనం ఉంటుంది. యుద్ధం ఎంత ఘోరమో తెలిస్తే శాంతి కావాలనిపిస్తుందనే సందేశం ఉంటుంది. మరి శాంతి కోసం నెత్తురు చూపించారా, గమ్ అమ్మడానికి శాంతిని వాడుకున్నారా? రెండూ అనే నాకు అనిపిస్తుంది. 1938లో ఈ కార్డులు మార్చుకున్న పదిహేనేళ్ల కుర్రాడికి, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసేనాటికి పద్దెనిమిదేళ్లు. శత్రువు ఎలా ఉంటాడో వాడు అప్పటికే గమ్ నములుతూ చూసేశాడు.

అయితే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినవి ఇవి కావు. 1936లో జర్మనీలో ఒక సిగరెట్ బొమ్మల ఆల్బమ్ వచ్చింది. పేరు ‘అడాల్ఫ్ హిట్లర్’. సిగరెట్ పెట్టెల్లో వచ్చే కూపన్లు కూడబెట్టి ఇస్తే ఫొటోలిచ్చేవారు. వాటిని ఇంట్లో కూర్చుని ఆల్బమ్‌లో అతికించుకోవాలి. ఫొటోలు తీసింది హిట్లర్ సొంత ఫొటోగ్రాఫర్ హైన్రిష్ హాఫ్‌మన్.

అందులో చుక్క రక్తం లేదు. పిల్లల్ని పలకరిస్తున్న హిట్లర్, జనం మధ్య నవ్వుతున్న హిట్లర్. అప్పటికి డాహౌ నిర్బంధ శిబిరం తెరిచి మూడేళ్లు. యూదుల పౌరసత్వం లాగేసిన న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చి ఏడాది. గమ్ కార్డు చూసిన పిల్లాడికి కనీసం భయం వేస్తుంది. ఈ ఆల్బమ్ చూస్తే ‘మంచాయనే’ అనిపిస్తుంది. దాన్ని తయారు చేసిందే అందుకు.

మరి ఇవన్నీ తగలబెట్టేయాలా? వద్దు. జెఫర్సన్ బర్డిక్ అనే అమెరికా కలెక్టర్ మూడు లక్షలకు పైగా కార్డులు, కాగితాలు పోగేసి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. చెత్తబుట్టలోకి పోవాల్సిన కాగితాలు ఇప్పుడు పరిశోధకులకు ఆధారాలు. జర్మనీలో కూడా నాజీ గుర్తుల్ని బహిరంగంగా ప్రదర్శించడం నేరమే అయినా, చదువుకీ పరిశోధనకీ చట్టం మినహాయింపు ఇచ్చింది.

అందుకే నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ఫొటో పోస్ట్ చేస్తే ముందు వైపు, వెనక వైపు కలిపే పెడతాను. ఏ ఏడాది, ఎవరు వేశారు, దేంతో పాటు అమ్మారు అనేది కింద రాస్తాను. హిట్లర్ కార్డు ‘కూల్‌గా ఉంది, గోడకి ఫ్రేమ్ కట్టిస్తా’ అనేవాళ్లకి నా దగ్గరున్నవి అమ్మను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంకో మాట: ‘హారర్స్ ఆఫ్ వార్’కి తర్వాత రీప్రింట్లు కూడా వచ్చాయి. డబ్బు పంపే ముందు అసలుదో కాదో అడిగి, రెండు వైపులా ఫొటోలు తెప్పించుకోండి. వెనక వైపు చూపించనంటే ఆ బేరం వదిలేయండి.